పీకేసిన సగం

మిక్సింగ్ షాపులో ఇరవై ఏళ్లు కుర్చీకి అతుక్కుపోయిన నడుము నాది. పని మానేసి ఇన్నేళ్లయినా అది నన్ను క్షమించలేదు. వీడియో పని నేర్చుకునే మీలాంటివాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మీ కాలంల ఎట్ల చేసేటోళ్లు సార్?" అని అడుగుతారు. తెర నిండా పూలు చల్లిన సంగతి, గుండె బొమ్మలో పెళ్లికూతురి ముఖం పెట్టిన సంగతి చెప్పి నవ్వించి పంపిస్తాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఊరి పేరు రాయను. చుట్టరికాల్లో ఒకటి రెండు మార్చాను కూడా. ఎవరూ వెతకొద్దు.

మిక్సింగ్ అంటే ఇప్పటివాళ్లకు సిమెంటు గుర్తొస్తుందేమో. ఆ రోజుల్లో నిజామాబాద్‌లో పెళ్లి వీడియోను కోసి, అతికించి, పాట వేసి సీడీ చేసిచ్చే పనికి అదే పేరు. మా షాపు బోధన్ వెళ్లే రోడ్డు పక్క సందులో, ఒక పసుపు దుకాణం మేడ మీద ఉండేది. కింద బస్తాలు దులిపితే పైన మా కీబోర్డులు పచ్చబడేవి. పనివాళ్లం ఇద్దరమే. నేనూ, నాకంటే పదేళ్లు పెద్దయిన ఒక ముస్లిం మిత్రుడూ. పెద్ద క్యాసెట్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్న మనిషి కనుక ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ని. యజమాని నెలకు రెండుసార్లు వచ్చి, హార్డ్‌డిస్క్ నిండిపోయిందని మమ్మల్ని తిట్టి వెళ్లేవాడు.

ఒక్క పనిముచ్చట చెప్పక తప్పదు. ఓపిక పట్టండి, జరిగిందంతా దాని మీదే నిలబడి ఉంది. అప్పటి వీడియో కెమెరా ఒక బొమ్మను ఒక్కసారిగా తీసేది కాదు. బొమ్మలోని గీతల్లో ఒకటి విడిచి ఒకటి ముందు తీసేది, మిగిలిన గీతలు ఆ వెంటనే తీసేది. అంటే ప్రతి బొమ్మా రెండు సగాలు. ఆ రెండూ ఒకే క్షణానివి కావు. మన దగ్గరి కెమెరాలు సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు, అంటే యాభై సగాలు తీసేవి. గల్ఫ్ నుంచి మనవాళ్లు తెచ్చే కెమెరాలు కొన్ని వేరే పద్ధతివి, వాటిలో ముప్పై బొమ్మలు, అరవై సగాలు. టీవీలో ఏదైనా చక్కగానే కనిపించేది. కంప్యూటర్ మీద పెడితే మాత్రం కదిలే చెయ్యి అంచున దువ్వెన పళ్లు లేచినట్టు గీతలు తేలేవి.

మేమిచ్చే సీడీకి సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు చాలు. అందుకని మాదొక సులువు మార్గం. ప్రతి బొమ్మలోనూ ఒక సగాన్ని తీసిపారేసి, రెండో సగాన్నే సాగదీసి ఖాళీలు నింపేవాళ్లం. దువ్వెన పళ్లు మాయమయ్యేవి. గల్ఫ్ కెమెరా క్యాసెట్ అయితే పైగా ఆరు బొమ్మలకు ఒకటి చొప్పున మొత్తం బొమ్మనే తీసేసేవాళ్లం. దీనికి మేం పెట్టుకున్న పేరు 'సగం పీకుడు'. "ఆ క్యాసెట్ సగం పీకినవా?" అని ఉస్తాద్ అడిగేవాడు. "పీకేసిన" అనేవాణ్ని. ఆ తర్వాత యజమాని తిట్లకు భయపడి అసలు ఫైలును తుడిచేసేవాణ్ని. ఏ పెళ్లివారికీ తేడా తెలిసేది కాదు. నాకూ తెలియలేదు.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాలవి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ముప్పై ఏళ్ల మనిషొకడు మా మెట్లెక్కి వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. చేతిలో చిన్న గల్ఫ్ కెమెరా. బోధన్ అవతల, చెరుకు పండే ఊరు వాళ్లది. చెల్లెలి పెళ్లికని సౌదీ నుంచి సెలవు మీద వచ్చాడట. పెళ్లికి ముందు నలుగు పెట్టి స్నానం చేయించే మైలపోలు రోజున ఇంటిముందు పందిరికి నిప్పంటుకుంది. పందిరి మీద కప్పింది ఎండు చెరుకాకు. అది అంటుకుంటే ఇంకేముంటుంది? తల్లి కూతుర్ని బయటికి నెట్టింది. తాను వచ్చేలోగా పైకప్పు కూలి మీద పడింది. నాలుగు రోజులు దవాఖానలో ఉండి చనిపోయింది. పోలీసులు ప్రమాదం అని రాసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అతను కెమెరాను స్టాండు మీద పెట్టి, తిరుగుతూ ఉండమని వదిలేశాడట. మంట లేచినప్పుడు ఎవరో స్టాండుతో సహా బయటికి లాగారు. క్యాసెట్ దక్కింది.

"అవ్వ ఉన్న కాడికి సీడీ చేసియ్యే అన్నా," అన్నాడు. మా వైపు అవ్వ అంటే అమ్మే. నేను వైరు తగిలించి, క్యాసెట్టును కంప్యూటర్‌లోకి దించి, అలవాటు ప్రకారం సగం పీకి, అసలు ఫైలు తుడిచేసేదాకా పక్కనే కూర్చున్నాడు. అప్పుడు నోరు విప్పాడు.

"ఇంకొక్కటి సూడాలె అన్నా. గా మూల మీద కనవడుతున్నది సూడు, సీరియల్ లైట్ల జాయింటు. అది నేనే కట్టిన. టేపు దొరకలే, పాలిథిన్ కవర్ సుట్టిన. ఆడ ఏమన్న మెరిసిందా? నాకు నిద్ర పడ్తలేదన్నా."

మొదటినుంచీ చూశాం. తల్లి పీట మీద కూర్చుని ఉంది, చెంపలకు పసుపు. చుట్టూ ఆడవాళ్లు. కరెంటు పోయింది. ఎవరో లాంతరు తెచ్చారు. ఆ మసక వెలుగులో తండ్రి ఆ మూల కిందుగా పోతున్నాడు, నోట్లో బీడీ నిప్పు ఎర్రగా కదులుతోంది. తల్లి గొంతు స్పష్టంగా వినిపించింది: "ఓ, గా బీడీ అవుతల పారేసి రాపో!" అందరూ నవ్వారు. ఆయన పందిరి వెనక్కి పోయాడు. కరెంటు వచ్చింది, లైట్లు వెలిగాయి. కొన్ని సెకన్లకు మూలన సన్నటి పొగ. ఆ తర్వాతది చెప్పను.

కరెంటు వచ్చిన ఘడియను ఒక్కొక్క బొమ్మగా జరిపాను. నాలుగుసార్లు. మూలన చీకటి, తర్వాతి బొమ్మలో లైట్లు. మధ్యలో మెరుపూ లేదు, రవ్వా లేదు.

"ఏం లేదు తమ్మీ," అన్నాను. అంతటితో ఊరుకోలేదు, గొప్పకు పోయి ఇంకో మాట కలిపాను. "కంప్యూటర్ అబద్ధం చెప్పదు."

అతను నా రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు. "బతికిచ్చినవన్నా, బతికిచ్చినవ్" అంటూ ఏడ్చాడు. నేను కూడా కళ్లు తుడుచుకున్నాను. కాసేపటికి తేరుకుని, తువ్వాలతో ముఖం తుడుచుకుని, తెర మీద ఆగిపోయిన బొమ్మ వంక చూస్తూ మెల్లగా అన్నాడు. "అంటే గా బీడీనే."

వారం తర్వాత సీడీల కోసం వచ్చినప్పుడు మనిషి గట్టిపడి ఉన్నాడు. ఊరందరికీ చెప్పాడట, నిజామాబాద్‌లో కంప్యూటర్ మీద చూపించానని, కరెంటు తప్పు లేదని తేలిందని. "ఇంట్ల గాయనతోని మాట్లాడుత లేనన్నా. బాపు అని పిలువ బుద్ధి అయితలేదు," అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. కానీ కొడుకు బాధ కొడుకుది, మధ్యలో నేనెవర్ని అనుకున్నాను. అతను కెమెరా తీసుకుని సౌదీ వెళ్లిపోయాడు. పెద్ద సీడీ ఏదో తర్వాత చేయించుకుంటానని క్యాసెట్ మాత్రం మా దగ్గరే ఉంచాడు. నా సొరుగులో, నా మోకాలికి జానెడు దూరంలో, అది పడి ఉంది.

శ్రావణమాసం పెళ్లిళ్లు వచ్చాయి. ఒక పెళ్లికి ఉస్తాదే స్వయంగా కెమెరా పట్టుకుపోయాడు, మిక్సింగ్ నేను చేశాను. సీడీ వేసి చూస్తూ ఆయన నన్ను ఆటపట్టించాడు.

"క్యా మియా! తలంబ్రాల కాడ ఫోటోగ్రాఫర్ వరుసగ పది ఫ్లాషులు కొట్టిండు, నేను పక్కన్నే ఉన్న. నీ సీడీల అయిదే మెరిసినయ్. కడమ అయిదు పీకి ఎవలకు పెట్టినవ్?"

నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. ఫ్లాష్ అంటే ఎంతసేపు? కన్ను మూసేలోపు పోతుంది. అంత చిన్న వెలుగు రెండు సగాల్లోనూ పడదు, ఏదో ఒక సగంలోనే పడుతుంది. అది నేను పీకేసిన సగమైతే ఆ వెలుగు పుట్టనట్టే. అరవై సగాల గల్ఫ్ క్యాసెట్టులో నేను ఉంచింది ఇరవై అయిదు. ముప్పై అయిదు పారేసి, మిగిలినవాటిని నాలుగుసార్లు తిప్పి చూసి, 'ఏం లేదు' అన్నాను.

"ఏమైంది మియా?" అని ఉస్తాద్ భుజం పట్టి కుదిపాడు. చెప్పాను. ఆయన ముఖంలో వేళాకోళం పోయింది. ఆ క్యాసెట్ మన కెమెరాల్లో ఆడదు. నవీపేట్‌లో ఉన్న తన ఎరుకైనవాళ్ల దగ్గర అలాంటి కెమెరా ఉందని, మర్నాడే పోయి అడుక్కొచ్చాడు.

ఇద్దరం తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాం. ఈసారి ఏదీ పీకలేదు. ప్రతి సగాన్నీ విడిగా ఒక బొమ్మ చేసి, సెకనుకు అరవై చొప్పున పరిచాను. లాంతరు వెలుగు. తర్వాతి సగం, లాంతరు వెలుగు. తర్వాతి సగం.

మూల మీద, పాలిథిన్ కవర్ చుట్టిన చోట, నీలం కలిసిన తెల్లటి రవ్వలు చిమ్ముతున్నాయి. దాని తర్వాతి సగంలో లేవు. ముందు సగంలో లేవు. సెకనులో అరవయ్యో వంతు, అంతే.

"యా అల్లా," అన్నాడు ఉస్తాద్.

వెనక్కీ ముందుకూ ఎన్నిసార్లు జరిపానో గుర్తులేదు. ఆ ఒక్క సగాన్నీ ఫోటోగా తీయించి, రెండో రోజు పొద్దున్నే బోధన్ బస్సెక్కాను. దారి పొడవునా నాకు ఒకటే ఆత్రం. ఒక పెద్దమనిషి మీద నేను వేసిన నిందను నేనే తీసేయాలి. అది తీస్తే ఎక్కడికి పోయి పడుతుందన్న ఆలోచన నాకు రాలేదు. నమ్మండి, నిజంగా రాలేదు.

ఆ ఇంటి ముందు కోడలు, సౌదీ వెళ్లినతని భార్య, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎవరు కావాలన్నట్టు చూసింది. చెప్పాను. "గాయన అవుతల పశుల కొట్టంల ఉంటడు," అని గడ్డంతో చూపించింది. చేతులు ఆగలేదు.

కొట్టంలో ఒక మూలకు నులక మంచం, పక్కన బోర్లించిన పళ్లెం, చెంబు. ఆయన గడ్డి కోస్తున్నాడు. పళ్లెం అక్కడెందుకుందో అర్థమైంది. నేనెవరో చెప్పాను. మంచం మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చున్నాడు. నేనూ కిందికి దిగాను.

"తప్పు నాది కాకా," అంటూ మొదలుపెట్టి, సగాల సంగతి, పీకుడు సంగతి, నాకు తెలిసిన తెలుగులో చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. ఫోటో చేతికిచ్చి, రవ్వలున్న చోట వేలు పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు.

"బాయి కాడ రాయికి రాసి ఆర్పిన బిడ్డా," అన్నాడు చివరికి. "నాకు యాది ఉన్నది. కని అందరు అనంగ అనంగ, నా యాదే తప్పేమో అనుకున్న. రోజు పొద్దుగాల లేసి గదే అడుగుకుంట. ఆర్పిన్నా, ఆర్పలేదా అని."

నేను ఆయన కాళ్లు పట్టుకోబోతే చెయ్యి పట్టి ఆపాడు. అప్పుడడిగాడు.

"గీ జాయింటు ఎవలు కట్టిన్రో ఎర్కేనా నీకు?"

"ఎరుకే కాకా."

"మరి ఎర్కుండి, గిది పట్టుకోని వాని ఇంటికే ఎట్లొస్తివి?"

అవతల చాటలో ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన గొంతు తగ్గించాడు.

"పిలగానికి చెప్పినవా?"

"లేదు. ఫోన్ చేసి చెప్తా. ఊళ్లో కూడా నేనే నలుగుర్లో నిలబడి..."

"చెప్పకు." నా మాట అందుకున్నాడు. "ఊరిది ఏమున్నది? రెండొద్దులు నన్ను అంటది, మూడో నాడు ఇంకొకన్ని అంటది. కోడలు గింత బువ్వ పెడ్తనే ఉన్నది. వానికాడ ఎవలున్నరు బిడ్డా? ఒక్క రూముల పది మంది పండుతరంట. గీ ముచ్చట తెలిసిననాడు వాడు ఏం జేసుకుంటడో ఎవలు సూస్తరు? వాన్ని ఎవలు పట్టుకుంటరు?"

"మీరు ఎన్నాళ్లు మోస్తారు కాకా?"

"మోసుడేమున్నది. నాది గాదని నాకు తెల్సింది. ఇగ బరువు లేదు."

మళ్లీ ఫోటో తీసుకున్నాడు. ఈసారి రవ్వల మీద బొటనవేలు ఆనించి, ఆ మూలను పూర్తిగా మూసేసి, కిందున్న మనిషిని చూశాడు. ఆమె తల పైకెత్తి ఇంకా నవ్వుతోంది, బీడీ మాటకు నవ్విన నవ్వే. నేను అన్నిసార్లు ఆ బొమ్మ చూశాను, ఆమె నవ్వుతోందని గమనించలేదు.

"నవ్వుతున్నది సూడు," అన్నాడు. ఏడ్చాడు.

ఫోటో ఉంచుకోమంటే వద్దన్నాడు. కోడలు చూస్తుందట. లేచి వస్తుంటే నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "ముందుగాల నువ్వేం చెప్పినవో గదే ఉండనియ్యి. నా కొడుక్కు చెప్పనని ఒట్టెయ్యి." వేశాను.

షాపుకొచ్చి చెబితే ఉస్తాద్ చాలాసేపు కీబోర్డు మీది పసుపు దులుపుతూ కూర్చున్నాడు. "నువ్వు తప్పు జేసినవ్. ఆయన దాన్ని దిద్దనియ్యలే," అన్నాడు. "ఇగ నువ్వు మొయ్యి మియా."

ఆ రోజు నుంచి నేను ఏ క్యాసెట్ సగమూ పీకలేదు. సీడీకి కావలసింది సీడీకి చేసి, అసలు ఫైలు అసలుగా దాచాను. హార్డ్‌డిస్క్ గురించి యజమాని తిడితే పడ్డాను. మీకిప్పుడు దువ్వెన పళ్లు తీసేయడానికి ఒక చిన్న గడిలో టిక్ పెడితే చాలు. పెట్టండి, తప్పులేదు. ఏం పారేస్తున్నారో తెలిసి పెట్టండి. ఎవరైనా వచ్చి ఇందులో ఫలానాది ఉందా అని అడిగితే, 'లేదు' అనకండి. 'నాకు కనిపించలేదు' అనండి. ఆ రెండు మాటలకూ మధ్య ఒక ముసలాయన పశుల కొట్టంలో పళ్లెం బోర్లించుకుని బతికాడు.

కొన్నేళ్ల తర్వాత, నేను పని మానేసే రోజులు దగ్గరపడ్డాక, కొడుకు మళ్లీ మా మెట్లెక్కాడు. మళ్లీ గుండు. చూడగానే అర్థమైంది.

"బాపు పోయిండన్నా," అన్నాడు. తండ్రిని అతను అలా పిలవగా వినడం నాకు అదే మొదలు. పదకొండో రోజుకు ఫోటో కావాలట, అవ్వా బాపూ కలిసి ఉన్నది. ఇద్దరూ కలిసి ఉన్నది ఆ క్యాసెట్టులో తప్ప ఎక్కడా లేదట.

దాచిన ఫైలు తీశాను. కరెంటు పోకముందు ఒక చోట ఆమె పీట మీద ఉంది, ఆయన వంగి చెవిలో ఏదో చెబుతున్నాడు, చెవి వెనక వెలిగించని బీడీ. ఇద్దరి తలల పైన, మూలకు, పాలిథిన్ కవర్ తెల్లగా కనిపిస్తోంది. ఎక్కడ కోయాలో నాకు తెలుసు. ముసలాయన బొటనవేలు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత పెట్టి, పైభాగం కోసేశాను.

"పైన జర జాగ ఉంచన్నా. తల మీద కోసినట్టున్నది," అన్నాడు.

"పైన చీకటి తమ్మీ. ప్రింటు మంచిగ రాదు."

తలాడించాడు. తెర మీది తండ్రిని చూస్తూ కాసేపు కూర్చున్నాడు. కళ్లు నిండాయి.

"పోయేముందు రోజు చెయ్యి పట్టుకోని చెప్పినన్నా. బాపూ, నేను మాఫ్ చేసిన, అవ్వ సంగతి మనసుల పెట్టుకోకు అని. ఏడుస్తడేమో అనుకున్న. నవ్విండన్నా. గంత మంచిగ ఎన్నడు నవ్వలే."

ప్రింటర్ చప్పుడు మొదలైంది. నేను కాగితం సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

"మంచి పని చేసినవు తమ్మీ," అన్నాను.